ఒక్క పిలుపుకే తెరిచే తలుపు

గోరంట్లలో బస్సు దిగి, తపసప్ప గట్టు మీది బుద్ధుడి గుడి చూద్దామని వచ్చినవాళ్లు ముందుగా అడిగే మాట ఒకటే: "రాత్రికి యాడ ఉండాలప్పా?" పొద్దున ఎక్కితే దిగేసరికి సాయంత్రమవుతుంది, బస్సు దొరకదు. గుడికి తలుపుల్లేవు, పైగా చిరుతల భయం. కండక్టరు టికెట్లు చింపుతూనే చెప్పేవాడు: "గట్టు కింద పల్లెలో బాలమ్మ ఇంటికి పోండి. మిగతా ఇండ్లకాడ ఒకసారి పిలిస్తే తలుపు తీయరు. ఆయమ్మ అట్ల గాదు, ఒక్కసారి పిలిస్తే తీస్తాది." ఎందుకు తీస్తుందో మాత్రం చెప్పేవాడు కాదు. చెబితే సగంమంది అదే బస్సులో వెనక్కి పోతారు మరి!

ఆ పల్లెలో దీపాలు పెట్టాక వాకిట్లోంచి ఎవరు పిలిచినా మూడో పిలుపుదాకా పలకరు. గట్టు దిగి వచ్చే దయ్యం అచ్చం మన మనిషి గొంతుతోనే పిలుస్తుందట. కానీ ఒక్కసారికి మించి పిలవడం దానికి చేతకాదట. ఈ సంగతి ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పట్నం నుంచి వచ్చే మర్యాదస్థులకేం తెలుసు పాపం! ఒకసారి మెల్లగా పిలిచి చేతులు కట్టుకుని నిలబడతారు. లోపలివాళ్లేమో ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

మొదట్లో బాలమ్మ కూడా అందరిలాంటిదే. ఆమె మొగుడు సంజీవప్ప గట్టు మీద గొర్రెలు మేపేవాడు. పైన చిన్న రాతిగుడి, లోపల కళ్లు మూసుకుని కూర్చున్న విగ్రహం. అది బుద్ధుడని అప్పటికి ఊళ్లో ఎవరికీ తెలియదు, తపసప్ప అనేవారు. సంజీవప్ప రోజూ సాయంత్రం అక్కడ దీపం పెట్టి దిగేవాడు. ఇంటిముందుకు రాగానే "బాలమ్మా, బాలమ్మా, బాలమ్మా" అని మూడు పిలుపులూ ఒకే ఊపిరిలో కానిచ్చేవాడు. "నీకంత తొందరేందిరా!" అని తల్లి పాపమ్మ విసుక్కునేది. బాలమ్మకు మాత్రం ఆ తొందరంటే ప్రాణం.

యాభై మూడో సంవత్సరం కార్తీకంలో ముసురు పట్టింది. ఆ సాయంత్రం గొర్రెలు వాటంతటవే ఇంటికొచ్చాయి, మనిషి రాలేదు. బాలమ్మ దీపం వెలిగించి గుమ్మం దగ్గరే నిలబడింది. కాసేపటికి తలుపు అవతల, సరిగ్గా చెవి పక్కనే, సన్నగా వినిపించింది.

"బాలమ్మా."

ఆమె చెయ్యి గడియ మీద పడింది. ఆ చేతిని పాపమ్మ గట్టిగా పట్టుకుంది.

"ఆగు మే! ఇంగా రెండుసార్లు పిలవనీ."

"అత్తా, ఆయప్ప గొంతే!"

"గొంతు వానిదే ఉంటాది. అదే గదా దాని మాయ. ఆగు."

ఆగారు. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రెండో పిలుపు రాలేదు.

తెల్లారి మగవాళ్లు గట్టెక్కారు. సంజీవప్ప గుడి అరుగు మీద, కాలు విరిగి, కొయ్యలా బిగుసుకుపోయి కనిపించాడు. పెద్దలు చూసి తేల్చేశారు: "దీపాల పొద్దుకే పోయింటాడు. ఆడ అరిస్తే ఈడికి వినపడదు. పిలిచింది వాడు గాదులేమ్మా. గడియ తీయలేదు గాబట్టి బతికిపోతివి!"

ఓదార్పు మాటే. కానీ బాలమ్మ ఊరుకోలేదు. "బతికి పిలిచినాడో చచ్చి పిలిచినాడో నాకెందుకు? పిలిచింది నన్నే గదా! చలికి, వానకి, లోపలికి రానీమని!" అని గుండెలు బాదుకుంది. గడియ ఊడబీకి అటక మీద పడేసింది. ఆ రోజు నుంచి ఒక్క పిలుపు వినిపిస్తే చాలు, చేతిలో పని వదిలి తలుపు తీసేది.

పాపమ్మ తన తప్పు ఒప్పుకునే రకం కాదు. "ఇంటిని దయ్యాల సత్రం చేసినావు" అని సణిగేది. పడక తలుపుకు దూరంగా మూలకు జరుపుకుంది. కొడుకు పేరు మళ్లీ ఎత్తలేదు. బాలమ్మ ఆమెకు సంగటి పెట్టింది, తలకు నూనె రాసింది, కానీ క్షమించలేదు. ఎలా క్షమిస్తుంది?

యాభై ఆరు వైశాఖంలో బెంగుళూరు నుంచి ఎవరో పెద్దమనుషులు వచ్చి, తపసప్ప బుద్ధదేవుడని చెప్పిపోయారు. ఇక జనం రావడం మొదలైంది. తలుపు తీసే ఇల్లు ఒకటే కాబట్టి అందరూ బాలమ్మ ఇంటికే చేరేవారు. వేడి సంగటి, ఉలవచారు, చాప, అన్నీ అమరేవి. ఇబ్బంది ఒక్కటే. అప్పుడప్పుడు సన్నగా '...మ్మా' అని పిలుపు వినిపించేది, తలుపు తీస్తే ఎవరూ ఉండేవారు కాదు. బాలమ్మ భయపడేది కాదు. పక్కకు జరిగి దారి ఇచ్చి, చెంబుతో నీళ్లు గడప దగ్గర పెట్టి, "రా, లోపలికి రా" అనేది. అతిథులకు ఒళ్లు జలదరించేది. పొద్దున చూస్తే చెంబులో నీళ్లు అలాగే ఉండేవి. ఆమె వాటిని పారబోసి, కళ్లు తుడుచుకునేది.

అరవై నాలుగు వైశాఖంలో ధర్మవరం నుంచి చీరలు నేసే ఈశ్వరప్ప, భార్య ఆదిలక్ష్మి వచ్చి దిగారు. దీపాల వేళ బాలమ్మ బావికి పోయింది. తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. మొగుడూ పెళ్లాలిద్దరూ గోడకు అతుక్కుపోయి ఉన్నారు. పట్టుకుంటే తప్ప లేవలేని పాపమ్మ గడప దగ్గర వంగి, చెంబులో నీళ్లు మెట్టు మీద సన్నగా పోస్తోంది.

"బాగా కడుక్కో నాయనా. బురదంతా పోనీ."

నెలల తరబడి వాన చుక్క లేదు. బురద ఎక్కడిది!

ఈశ్వరప్ప గడప వైపు చూపిస్తూ అన్నాడు: "ఒక్కసారే పిలిచినారమ్మా. 'అమ్మా' అని. ఈ అవ్వే లేచి తీసింది."

అతను చెబుతుండగానే గడప నుంచి మూలనున్న పాపమ్మ పడకదాకా తడి అడుగులు పడ్డాయి. ఒక పాదం చక్కగా పడింది. రెండోది నేల మీద ఈడ్చిన జాడ.

బాలమ్మ చంకలో బిందె జారిపోయింది. ఇన్నేళ్లుగా తలుపు తీసి నిలబడింది తానైతే, పిలుపు వేరొకరికా? "నన్ను పిలవలేదా అత్తా?" అని చిన్నపిల్లలా ఏడ్చింది.

"నిన్నెందుకు పిలుస్తాడు?" అంది పాపమ్మ. "నువ్వు ఆ పొద్దే తీస్తాంటివి. నీ చెయ్యి పట్టుకునింది నేను గదా. వానికి తెలుసు."

ఈ ఒక్క మాట కోసమే కదా బాలమ్మ ఇన్నేళ్లు కాచుకుంది. అత్తను పొదివి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. అతిథులకు వడ్డించి, మూలన పడక దగ్గర మరో పళ్లెంలో వేడి సంగటి పెట్టింది. తర్వాత అటకెక్కి పాత గడియ దించి, కొంగుతో దుమ్ము తుడిచి, తలుపుకు బిగించింది.

"ఇప్పుడెందుకు మే అది?" అంది పాపమ్మ.

బాలమ్మ గడియ వేసి, చేతులు దులుపుకుంది.

"అందరూ లోపలికి వచ్చినారు గదత్తా."