కుడిచెవిలోని కాలప్రమాణం

మొదట నేను ఫర్నేసును అనుమానించాను. అక్టోబరులో ఒకనాడు మధ్యాహ్న భోజనం తరువాత పడకకుర్చీలో వాలగానే కుడిచెవి పక్కన ఎవరో కొలిమితిత్తి ఊదుతున్నట్లు బుస్సు, బుస్సు అని ఒక శబ్దం మొదలైంది. అమెరికాలో అరోరా అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్న, ఇల్లు వెచ్చబరిచే ఫర్నేసు వయసు మళ్ళినదే కనుక వెంటనే దాన్ని ఆపించాను. ఇంటిల్లిపాదీ శాలువాలు కప్పుకున్నారు గాని శబ్దం ఆగలేదు. మర్నాడు మెకానిక్ వచ్చి, ఫర్నేసు నిక్షేపంగా ఉందని చెప్పి వెళ్ళాడు.

ఆ వారంలోనే అది కారులోనూ, ప్రార్థనలోనూ వినిపించింది. శబ్దం ఇంటిది కాదు, నాది. దవడ కింద మెడను వేలితో మెల్లగా నొక్కితే ఆగేది, వేలు తీస్తే మళ్ళీ వచ్చేది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ముప్ఫై రెండేళ్ళు బడి నడిపినవాణ్ణి. ఇక్కడి మా తెలుగు సంఘంలో పెద్దను. పెద్దవాడు, లేని శబ్దాలు వింటున్నాడన్న మాట ఒకసారి బయటపడితే, తరువాత అతడు చెప్పే ఉన్న మాటలకు కూడా విలువ ఉండదని నా భయం.

మా సంఘానికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చి వారు తమ మందిరాన్ని ఆదివారం మధ్యాహ్నాలు మాకిస్తారు. శనివారం నాలుగు గంటలకు పై అంతస్తు గదిలో క్వాయర్ అభ్యాసం జరుగుతుంది. దాన్ని క్రమంలో ఉంచే బాధ్యత నాది. లిఫ్టు ఉన్నా ఇరవై ఆరు మెట్లూ ఎక్కే వెళ్ళడం నా నియమం. వెళ్ళగానే రిజిస్టరులో హాజరు వేసి, కీర్తన పేరు, రాగం, తాళం రాసి, కూర్చుని చేత్తో తాళం వేసేవాణ్ణి. నా తాళాన్ని బట్టే అందరూ పాడాలి. ఎవరైనా తప్పితే ఆ కీర్తన ఎదుటే రిజిస్టరులో వ్యాఖ్య రాసేవాణ్ణి.

ఆ శరదృతువులో నా లయజ్ఞానం ఎన్నడూ లేనంత పదునెక్కిందని నాకనిపించింది. లోపల ఒక కొలత నిరంతరం నడుస్తున్నట్లుండేది. చెయ్యి తనంతట తానే దాన్ని అందుకునేది. ఇది వార్ధక్యంలో దేవుడిచ్చిన వరమేమోనని కూడా తలచాను. అలా తలచినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

మాకు తబలా వాయించేవాడు నలభై ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. నెమ్మదస్తుడు. కాకినాడ నుంచి వచ్చిన అతని తల్లి వెనుక వరసలో కూర్చుని ప్రతి అభ్యాసమూ వినేది. క్రిస్మస్ ఆరాధనలో కొడుకు వాయించడం చూసి, జనవరిలో తిరిగి వెళ్ళాలని ఆమె ప్రయాణం. ఆ అబ్బాయి మీద నాకు ప్రతి వారమూ ఫిర్యాదే. నవంబరు చివరి శనివారం అది ముదిరింది.

"ఆపు బాబూ. ఈడుస్తున్నావు," అన్నాను, మొదటి కీర్తన పల్లవిలోనే.

"లేదంకుల్, మెట్రోనోమ్ ఆన్‌లోనే ఉంది. నిమిషానికి ఎయిటీ బీట్స్‌లో సెట్ చేశాను," అని ఫోన్‌లో టిక్కుటిక్కుమని తాళం కొడుతున్న యాప్ చూపించాడు.

"యంత్రం కీర్తన పాడదు. నా చెయ్యి చూసి వాయించు."

ఆడవాళ్ళ వరసలోంచి ఎవరో, "వీక్‌డేస్ మేనేజర్ రివ్యూ, వీకెండ్ అంకుల్ రివ్యూ. పాపం!" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

గంట గడిచింది. చివరి కీర్తనలో మళ్ళీ ఆపాను. "ఇప్పుడు పరుగెత్తుతున్నావు."

అతను తబలా మీంచి చేతులు తీశాడు. "సేమ్ ఎయిటీ అంకుల్. మీరే స్లో అవుతున్నారేమో, ఒక్కసారి చెక్ చేసుకోండి."

ఒక విద్యార్థి నా లెక్కను తప్పుపట్టినట్లే నాకు తోచింది. "క్రిస్మస్‌కు తబలా అక్కరలేదు. కీబోర్డు చాలు," అన్నాను. అతను తబలాలకు గలీబులు తొడిగాడు. మెట్లు దిగేటప్పుడు అతని తల్లి నా భార్యతో, "పదేళ్ళప్పటి నుంచి వాయిస్తున్నాడమ్మా వాడు," అంది.

మరుసటి వారం నా భార్య నిలదీసింది. "ఏవండీ, బైబిలు చదివినా, టీవీ చూసినా ఆ మెడ మీద వేలేంటి? దాచింది చాలు, చెప్పండి." చెప్పక తప్పలేదు. చెవి డాక్టరు దగ్గరికి ఆవిడే అపాయింట్‌మెంట్ తీసుకుంది.

డాక్టరు నడివయసు స్త్రీ. నా చెవి వెనుక స్టెతస్కోపు ఆనించి, రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుని చాలాసేపు విన్నది. తరువాత, మీరు వింటున్నది నాకూ వినిపిస్తోంది, అది మీ నాడితో కలిసి నడుస్తోంది అన్నది. దీన్ని పల్సటైల్ టిన్నిటస్ అంటారట. చెవి దగ్గరి రక్తనాళంలో రక్తం పారే చప్పుడు అది. నేను వింటున్నది లేని శబ్దం కాదన్న ఒక్క మాటకే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ ఉపశమనం అర నిమిషం కూడా నిలవలేదు.

"మెట్లెక్కితే దాని వేగం పెరుగుతుందా? కాసేపు కూర్చుంటే తగ్గుతుందా?" అని అడిగింది.

జీవితమంతా పరీక్షలు పెట్టినవాణ్ణి. ప్రశ్న పూర్తి కాకముందే దాని జవాబు ఎక్కడికి దారి తీస్తుందో గ్రహించాను.

ఇంటికి వెళ్ళి రిజిస్టరు తెరిచాను. ఏడు శనివారాల పుటలు నా చేతివ్రాతలోనే ఉన్నాయి. ప్రతి వారమూ మొదటి కీర్తన ఎదుట 'తబలా మందగమనం', చివరి కీర్తన ఎదుట 'తబలా తొందర'. ఒక్క వారం కూడా ఇది తారుమారు కాలేదు. మెట్లెక్కి వచ్చిన రొప్పుతో నా నాడి పరుగెత్తినప్పుడు అతను వెనకబడ్డాడు. గంటసేపు కూర్చుని నా నాడి నెమ్మదించాక అతను ముందుకు పోయాడు. అతను మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఉన్నచోటనే ఉన్నాడు. ఆధారం అక్షరాలా నా ముందే ఉంది. రాసినవాణ్ణి నేనే, చదవనివాణ్ణీ నేనే.

స్కానులు తీశారు. ఒక సిర కొంత సన్నబడిందనీ, ప్రస్తుతానికి ప్రమాదం లేదనీ, ఏటా చూపించుకుంటూ దానితో కలిసి బతకవచ్చుననీ తేల్చారు. నాకు అంతకన్నా కష్టమైన పని ఇంకొకటి మిగిలి ఉంది.

"ఫోన్‌లో సారీ చెప్పేస్తే పోయేదానికి ఇంత ఆలోచనెందుకండీ?" అన్నది నా భార్య.

"అందరి ముందూ తప్పుపట్టాను. అందరి ముందే దిద్దుకోవాలి."

శనివారం రమ్మని ఆ అబ్బాయికి కబురు పెట్టాను. తల్లిని వెంటబెట్టుకుని, ఒట్టి చేతులతో వచ్చాడు. నేను లేచి నిలబడి ఏడు వారాల వ్యాఖ్యలనూ పైకి చదివి, ఆ తరువాత నా చెవి సంగతి చెప్పాను. "తాళం తప్పింది ఇతడు కాదు, నేను. ఇతణ్ణి అన్యాయంగా పంపేశాను. క్షమించమని అడుగుతున్నాను," అన్నాను.

"అంటే అంకుల్, ఇన్ని వారాలు నేను మీ హార్ట్‌తో కంపీట్ చేశానన్నమాట. ఎలా గెలుస్తాను?"

అందరూ నవ్వారు. వెనుక వరసలోంచి అతని తల్లి మాత్రం నవ్వకుండా, "మావాడికి తాళం తప్పదండి," అంది. "నిజమేనమ్మా," అన్నాను. ఆమె తల ఊపింది.

"క్రిస్మస్‌కు వాయిస్తావా బాబూ?"

"వాయిస్తానంకుల్. ఒక్క కండిషన్. మీరు తాళం వెయ్యకూడదు."

గదిలో అందరూ నా వైపు చూశారు. నా చెయ్యి ఆగితే ఈ క్వాయర్‌కు నా అవసరమేమిటన్న ఆలోచన వచ్చింది. అయినా, "సరే," అన్నాను.

"అయితే ఉండండి, తబలాలు కార్‌లోనే ఉన్నాయి," అని రెండేసి మెట్లు దిగుతూ పోయాడు.

క్వాయర్ వరసలో నేనూ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. కుడిచెవిలో నా నాడి తన దారిన తాను నడుస్తోంది. ఎదుట తబలా తన దారిన నడుస్తోంది. రెండింటిలో దేని వెంట పోవాలో చెవి తేల్చలేదు కనుక, అతని వేళ్ళను చూస్తూ పాడాను. రెండో చరణానికి తెలియకుండానే నా కుడి బూటు నేల మీద కొట్టడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళ వరసలోంచి నా భార్య ఆ బూటు వైపే చూసింది. ఆపేశాను.