త్రినాథ్ కుడికాలు, దాలమ్మ నేర్పిన దండం

త్రినాథ్ కుడికాలు నరసన్నపేటలో లేస్తే శ్రీకూర్మంలో దిగుతుందంటే జనం నవ్వుతారు. నవ్వనీండి. పదో తరగతి మధ్యలోనే బడికి దండం పెట్టేసిన నాకు కొలతలు సరిగా రావు. కానీ ఆ కాలి దెబ్బలు అందరికంటే ఎక్కువ తిన్నది నేనే. కాబట్టి వాణ్ణి అంతటి ఆటగాణ్ణి చేసిందీ నేనే.

వరి కోతలయ్యాక మా మడే కబడ్డీ బరి. మంచు విడవని పొద్దుల్లో త్రినాథ్ కూతకొస్తే మనిషి కనబడేవాడు కాదు. "కబడ్డీ, కబడ్డీ" అన్న గొంతొకటి తెల్లటి పొగలో తేలుతూ వచ్చేది. ఎక్కణ్ణుంచో ఓ పాదం మెత్తగా మోకాలికి తగిలేది. వెంటనే ఓ చెయ్యొచ్చి అక్కడే తాకి, కళ్ళకద్దుకుని మంచులోకి వెళ్ళిపోయేది.

అది వాళ్ళమ్మ దాలమ్మ చిన్నప్పుడే పెట్టిన అలవాటు. "కాలు తగిల్తే దణ్ణమెట్టుకోవాల. మనిషేటి మట్టిగెడ్డా, తన్నుకుంటా పోడానికి?" అనేది. మేమంతా వాడు కళ్ళకద్దుకునేదాకా ఆగి, ఆ తర్వాతే పట్టుకోబోయేవాళ్ళం. అప్పటికి వాడు గీత దాటేసేవాడు.

ఎచ్చెర్లలో వాడి ఆట చూసి ఓ ఉత్తరాది జట్టు తీసుకుంది. అక్కడ ఎవరాగుతారు? కాలు తగిలించడం, దండానికి వంగడం, మీద ఏడుగురు పడటం. మూడు ఆటల్లో మూడుసార్లు దొరికిపోయాడు. ఇంకోసారి వంగితే వచ్చే ఏడు కాంట్రాక్టు లేదని కోచ్ తేల్చేశాడు.

ఆఖరి ఆటకు నేనూ వెళ్ళాను, నేను లేకుండా ఎలా గెలుస్తారు?

"ఒరే, సెయ్యి జేబులో ఎట్టుకోరా," అన్నాను.

"నిక్కరుకి జేబు నేదురా."

"అంత ఆపుకోనేవేటి?"

త్రినాథ్ తల అడ్డంగా ఊపాడు. "కూత మొదలెట్టగానే మన మడిలో ఉన్నట్టే ఉంటాదిరా. మంచు, తడిసిన గడ్డి వాసన. కాలు తగిల్తే మనతో ఆడే మనూరి జగన్నాధం మావకే తగిలినట్టుంటాది. ఊరికే ఎలాగొచ్చేస్తాను?"

చివరి కూత. మూడు పాయింట్లు వెనక ఉన్నాం. హాలు దీపాల వెలుతుర్లోనూ వాడు మంచులో నడుస్తున్నట్టే వెళ్ళాడు. మూలనున్న పొడుగాటివాడి మోకాలికి కాలు తగిలింది. త్రినాథ్ చెయ్యి కదిలింది. వాడి అలవాటు ఆ జట్టంతటికీ తెలుసు. పొడుగాటివాడితో కలిపి నలుగురు ఒక్కసారే వాడి నడుముకేసి దూకారు.

త్రినాథ్ మధ్యగీతవైపు తిరిగి ఎన్నడూ వంగనంతగా వంగాడు. రెండు చేతులూ, నుదురూ నేలకాన్చి సాష్టాంగమే చేశాడు. నలుగురూ వాడి వీపు రాసుకుంటూ అవతల పడ్డారు. సముద్రంలో చేప జారినట్టు వాడు ముందుకు జారాడు. వేలికొస మధ్యగీతను తాకింది. ముట్టుకున్న నలుగురూ అవుట్. ఒక్క పాయింటుతో గెలిచాం. నా ఈలకు పైకప్పు కాస్త లేచింది, మళ్ళీ సర్దుకుంది. హాలంతా అరుస్తుంటే త్రినాథ్ వెనక్కి వెళ్ళి, బాకీ ఉన్న ఆ మోకాలిని తాకి కళ్ళకద్దుకున్నాడు.

మర్నాడు కోచ్ కాంట్రాక్టు కాగితం బల్లమీద పెట్టాడు. సంతకం చేయబోతుంటే బల్లకింద త్రినాథ్ కాలు ఆయన కాలికి తగిలింది. పెన్ను వదిలేసి వాడు బల్లకిందికి వంగాడు.

కోచ్ కాలు వెనక్కి తీసుకోలేదు. వాడు కళ్ళకద్దుకునేదాకా, అచ్చం మా ఊరివాడిలా, ఆగాడు.