ఆయన ‘ఇడువు’ అనేదాకా

మా ఇంటి ఓనరు గారు పోయారు. గురువారం పొద్దున్న ఆఫీసులో నా కంప్యూటర్ ఇంకా తెరుచుకుంటుండగానే ఆంటీ ఫోన్ చేశారు. “బిడ్డా, మీ అంకులు కూసున్నడే, లేస్తలేడు” అన్నారు. నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన కూర్చోవడమేమిటి అని మాత్రం అనిపించింది. పదకొండేళ్లుగా ఆ ఇంటి పై వాటాలో అద్దెకుంటున్నాను, ఆయన తీరిగ్గా కూర్చోగా ఒక్కసారీ చూడలేదు. ఏ.ఎస్. రావు నగర్ నుంచి ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. ఆంటీ గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెబుతున్నారు: “చాయ్ తాగి, జెర కూసుంటా అన్నడు. ఆ మాటకే నాకు గుండె గుభేలుమన్నది.”

నెల కావస్తోంది. నా కాలు ఇంకా ఒకచోట నిలవడం లేదు. అన్నం తింటూ తింటూ లేస్తున్నాను. ఉతికిన బట్టలే మళ్లీ నానబెడుతున్నాను. మెట్లు దిగి షెడ్డు దాకా వెళ్లి, ఎందుకొచ్చానో తెలియక తిరిగి పైకొస్తున్నాను. కూర్చుని రాస్తే కాస్త కుదురు వస్తుందేమోనని ఇది మొదలుపెట్టాను. ఇక్కడిదాకా రాసేలోపే రెండుసార్లు లేచాను.

షెడ్డు అన్నాను గానీ అది నిజానికి ముందు గది. సీతాఫల్‌మండిలో మా సందులోకి ఒక ఆటో వస్తే ఎదురుగా వచ్చే స్కూటరు ఎవరింటి గుమ్మంలోకో దూరాలి. అలాంటి సందులో, వీధివైపు గోడ కొట్టించి, గదిలో ఒక బ్రిటిష్ స్పోర్ట్స్ కారు పెట్టుకున్నారు మా ఓనరు గారు. రెండే సీట్లు, తొడల ఎత్తున్న తలుపులు, పైన గుడ్డ టాపు. ఆయన రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. బోయిన్‌పల్లిలో ఎవరిదో పాత బంగళా పడగొడుతుంటే పెరట్లో దొరికిందట. సీట్లలో కోళ్లు కాపురం పెట్టాయట. ఇంజను కదలదు, బ్రేకులు లేవు. మార్కెట్లో కూరగాయలు దించేసిన ట్రాలీ మీదికి పదిమంది కలిసి ఎక్కించి, తాళ్లతో బిగించి తెచ్చారు. ముందు గదిలోని సోఫా వంటింట్లోకి పోయింది. ఆంటీ ఆరోజే తేల్చి చెప్పేశారు: “కోళ్లు పండుకున్న బండిల నేను కూసోను.” ఇదంతా నేను రాకముందు సంగతి. ఆ మాట మీద ఆమె పదిహేనేళ్లు నిలబడ్డారు.

నేను ఆ ఇంట్లో చేరిన మొదటి ఆదివారం, పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే కారు కిందనుంచి గొంతు వినిపించింది.

“ఎవలది? పైన దిగిన అమ్మాయేనా? జెర లోపట కూసొని నడిమి పెడలు మీద కాలు పెట్టు బిడ్డా.”

పేరు కూడా అడగలేదు. పాల ప్యాకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

బ్రేకుల్లో గాలి తియ్యడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కిపట్టాలి. ఇంకొకరు కింద పడుకుని చక్రం వెనక ఉండే చిన్న నట్టు కొంచెం తిప్పాలి. సన్నటి గొట్టంలోంచి బ్రేకు ఆయిలు, దాంతోపాటు గాలి బుడగలు సీసాలోకి వస్తాయి. నట్టు మళ్లీ బిగించిన తర్వాతే పైవాళ్లు కాలు తియ్యాలి. ముందే తీస్తే గాలి తిరిగి లోపలికి పోతుంది, చేసిందంతా గంగపాలు. కిందవాళ్లకి పైవాళ్లు కనపడరు, పైవాళ్లకి కిందవాళ్లు కనపడరు. ఇద్దరి మధ్యా ఉండేవి మాటలే.

“ఒత్తు.”

“నొక్కాను అంకుల్.”

“నొక్కాను గిక్కాను, గంత పొడుగు వద్దు. మీ శ్రీకాకుళం భాష పండుగలకు దాసుకో. ఒత్తిన అను, సాలు.”

“ఒత్తిన.”

పానా తిరిగిన చప్పుడు, మళ్లీ తిరిగిన చప్పుడు. అప్పుడు, “ఇడువు.”

ఆ ‘ఇడువు’ మాత్రం చాలా మెల్లగా అనేవారు. మిగతా మాటలన్నీ గట్టిగా అరిచే మనిషి, అదొక్కటి చంటిపిల్ల చేతిలోంచి గాజు గ్లాసు తీసుకుంటున్నట్టు అనేవారు.

ఆయన చేతులు ఊరికే ఉండేవి కావు. పెళ్లికి తీసుకెళితే భోజనాలయ్యేలోపు మండపంలో చప్పుడు చేస్తున్న ఫ్యాను కింద కుర్చీ వేసుకుని ఎక్కేవారు. ఆంటీ తలకొట్టుకునేవారు. “ఈయనను బంధువులింటికి తీస్కపోతే స్క్రూలు లెక్కవెట్టి తీస్కరావాలె” అనేవారు. బజారులో దొరికే పానాలు ఆ బండికి పట్టవు, దాని నట్ల కొలతే వేరు. అందుకని తన పానాలు తానే ఆకురాయితో అరగదీసుకుని ఒక పాత టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నారు. బ్యాటరీ కూడా మనం అనుకునేదానికి తలకిందులు, ప్లస్ వైరు పోయి బండి ఒంటికి తగలాలి. తెలియని మెకానిక్ ఒకడు సాయం చేద్దామని మామూలుగా తగిలించి ఏదో కాల్చేశాడట. అప్పట్నుంచి బ్యాటరీ మూత మీద ఎర్ర రంగుతో పెద్దగా ‘ఉల్టా’ అని రాసి ఉండేది.

రోజూ పొద్దున్నే చాయ్ గ్లాసుతో వచ్చి బండి కింద పరిచిన అట్టముక్క బయటికి లాగి చూసేవారు. రాత్రి కారిన ఆయిలు చుక్కలు దానిమీద ఉండేవి. ఎన్ని, ఎక్కడ, ఏ రంగు అని చూసుకుని మళ్లీ లోపలికి తోసేవారు. ఇన్నేళ్లు బాగుచేసినా కారుతూనే ఉంది కదా అంకుల్ అని ఒకసారి ఏడిపించాను. “కారుతున్నదంటే లోపట ఉన్నట్టే గద బిడ్డా. కారుడు బందయిననాడు పరేషాన్ కావాలె” అన్నారు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఓ ఆదివారం మూడు చక్రాలు అయిపోయి నాలుగోది నడుస్తుండగా నా ఫోన్ మోగింది. ఒళ్లో ఉన్న ఫోన్ తీస్తూ, ఆలోచించకుండా కాలు కూడా తీసేశాను. కింద పానా నేలమీద పెట్టిన చప్పుడైంది. తర్వాత నిదానంగా బయటికొచ్చి, తల తుడుచుకుని, “ఎవలు చెప్పిండ్రు ఇడువుమని?” అన్నారు. కోపం లేదు, నిజంగానే అడుగుతున్నారు. నేను ఫోన్ చూపించాను. “కాలు నీదే బిడ్డా. గని ఇడిసేది నేను చెప్పినంకనే” అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. మొదటి చక్రం దగ్గరికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టారు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం చల్లారిపోయింది. ఆ తర్వాత నేను ఫోన్ పైనే వదిలేసి దిగేదాన్ని.

ఇక ఈ వేసవి సంగతి. బ్రేకుల్లో రబ్బర్లు పాడైతే ఎక్కడెక్కడో వెతికి, ఎనిమిది నెలలు ఎదురుచూసి, కొత్తవి తెప్పించి వేశారు. గాలి తియ్యడం ఒక్కటే మిగిలింది. మెట్ల దగ్గర కనపడి, “ఆదివారం వస్తవా బిడ్డా” అని అడిగారు. పెళ్లుందని చెప్పాను, నిజమే. మరుసటి వారం అడిగితే తలనొప్పి అన్నాను, అది అబద్ధం. మంచం మీద పడుకుని ఫోన్ చూసుకున్నాను. మూడో వారం అలిసిపోయాను అంకుల్, వచ్చే ఆదివారం ఖాయం అన్నాను. “బ్రేకులు యాడికి పోతయ్, నిమ్మలంగ రా” అన్నారు. నాలుగో ఆదివారం రావడానికి మూడు రోజుల ముందు ఆయన జెర కూసుంటా అన్నారు.

నన్ను తినేస్తున్నది ఇదే. ఎవరితోనూ చెప్పలేదు.

పదకొండో దినం అయ్యాక పాత బండ్లు ప్రేమగా సాకే ఒకాయన వచ్చి చూశాడు. మంచివాడే. ఆంటీ ఇచ్చేస్తానన్నారు. “దాన్ని చూస్తుంటే నాకు బువ్వ దిగుతలేదు బిడ్డా” అన్నారు నాతో. వచ్చినాయన ఇంజను వేసి విని సంతోషించాడు. పెడలు తొక్కితే అది నేలకంటింది. ఫరవాలేదమ్మా, తాడు కట్టి లాక్కుపోతాం అన్నాడు. అంతవరకూ నెమ్మదిగా ఉన్న ఆంటీ ఒక్కసారి లేచారు.

“తాడుతోని వచ్చింది. తాడుతోని పోదు. పై ఆదివారం రా, పొద్దుమీకి.”

ఆదివారం సాయంత్రం వస్తానని చెప్పి అతను వెళ్లాక, ఆంటీ నావైపు తిరిగారు. మెకానిక్‌ని పిలుద్దామన్నాను. “ఎవడో వచ్చి బ్యాటరీ సీదా పెట్టిపోతడు. నువ్ చెయ్యి” అన్నారు. నాకు కాలి పనే తెలుసు, చేతి పని తెలియదు. ఎప్పుడూ ఆ కారు కింద దూరలేదు. ఆ ముక్కే చెప్పాను. “పదకొండేండ్లు విన్నవ్ గద” అన్నారు ఆంటీ. నేను కింద ఉంటే లోపల ఎవరు కూర్చుంటారు అని అడిగాను. ఆమె లోపలికి వెళ్లారు.

ఆదివారం పొద్దున ఆంటీ ఉతికిన తువ్వాలు తెచ్చి డ్రైవరు సీటు మీద పరిచారు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఆ చిన్న తలుపులోంచి ఒంగి, కూర్చున్నారు. పదిహేనేళ్లలో మొదటిసారి. స్టీరింగు మీద చెయ్యి పెట్టలేదు. చేతులు రెండూ ఒళ్లోనే పెట్టుకున్నారు.

టిఫిన్ డబ్బా, గొట్టం, ఖాళీ పచ్చడి సీసా తీసుకుని నేను కిందికి దూరాను. ఆయన పడుకునే గోనెపట్టా ఆయన భుజాల వెడల్పున మెత్తబడి ఉంది. ఒత్తు అనడానికి నేను నోరు తెరిచేలోపే పైనుంచి “ఒత్తిన” అని వినపడింది. వంటింటి కిటికీలోంచి ఇన్నేళ్లూ ఆమె అంతా వింటూనే ఉన్నారు. నేను నట్టు తిప్పాను. గొట్టం జారి ఆయిలు మోచేతిదాకా కారింది. బిగించి, ఇడువు అన్నాను. నా గొంతుతో ఆ మాట నాకే కొత్తగా ఉంది. మొదటి చక్రానికి గంట పట్టింది. మూడోదానికి వచ్చేసరికి ఇద్దరం మాటలు కలిపి తడబడకుండా చేస్తున్నాం.

ఆ సాయంత్రం బండి తాడు లేకుండానే వెళ్లింది. సందు చివర ఆటో అడ్డం వస్తే చక్కగా ఆగింది కూడా. చూసి సంతోషించాలి, సంతోషించాను. కానీ నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది అది కాదు, నాలుగో చక్రం దగ్గర జరిగింది.

చివరిసారి గొట్టంలో బుడగ ఒక్కటి కూడా రాలేదు. ఆయిలు తేటగా, తెగకుండా వచ్చింది. నట్టు బిగించేశాను. పని అయిపోయింది. ఇంక నేను అనాల్సింది ఒక్క మాట. అది అంటే ఆంటీ కాలు తీస్తారు, దిగుతారు, తువ్వాలు మడత పెట్టుకుంటారు, సాయంత్రం అతను వస్తాడు. నా చెవి పక్కన అట్టముక్క మీద ఇంజనులోంచి ఒక చుక్క పడింది.

“ఇడువాల్నా?” అని పైనుంచి అడిగారు ఆంటీ.

నేను ఆ చుక్క వైపే చూస్తున్నాను.

పెడలు స్ప్రింగు కిర్రుమంది గానీ ఆంటీ కాలు వదల్లేదు. పెద్ద వయసు, కాలు నొప్పి పెట్టే ఉంటుంది.

“మంచిది,” అన్నారు మెల్లగా. “నువ్ చెప్పేదాకా ఒత్తే ఉంట.”

నేను పానా నట్టు మీదనుంచి తియ్యకుండా అలాగే పడుకున్నాను.