హమీదా అడిగిన మాట
ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్లు వార్డుకి వస్తే హమీదా సిస్టర్ తల దువ్వుతుంది, గంజి తాగిస్తుంది, కానీ చావు మాట మాత్రం ఎత్తదు. పేరెత్తితే అది గుమ్మంలోకి వచ్చేస్తుందని విశాఖ వన్‌టౌన్‌లో వాళ్లమ్మ చెప్పేది. ఎనభై రెండు వేసవిలో మద్రాసు నుంచి వచ్చిన డాక్టరమ్మ నర్సులకి పెట్టిన శిక్షణలో మొదటి పాఠమే ఆ మాట సూటిగా అడగడం. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు రోగిగా నటించాలి. హమీదా ఎదుట గౌరీశ్వరి కూర్చుంది. తోటి నర్సు, సబ్బవరం పిల్ల, డ్యూటీ రూములో అందరినీ నవ్వించేది. హమీదా ఆమె చెయ్యి పట్టుకుని, గుమ్మం వైపు ఒకసారి చూసి అడిగింది. "సచ్చిపోవాలనిపిస్తందేటమ్మా?"

"రోజూ అనిపిస్తంది" అంది గౌరీశ్వరి. ఎంత బాగా నటించిందోనని అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా నవ్వింది. కానీ ఆ చెయ్యి మంచులా చల్లబడటం హమీదాకి తెలిసింది. లేచి పారిపోవాలనిపించింది. పోలేదు. "గౌరీ, రోగిని కాదు, నిన్నే అడుగుతన్నాను" అంది నెమ్మదిగా. నవ్వు ఆగిపోయింది. "ఇన్నాళ్లకి ఒకలడిగినారక్కా" అంటూ గౌరీశ్వరి బల్ల మీద తల వాల్చేసింది. హమీదా డాక్టరమ్మని పిలిచింది. డాక్టరమ్మ, గౌరీశ్వరి సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు. నర్సుల హాస్టల్లో ఆ పిల్లని ఒంటరిగా ఉంచవద్దని డాక్టరమ్మ చెప్పాక, హమీదా ఆమెని తన ఇంటికి తీసుకుపోయింది. గుమ్మం దగ్గర గౌరీశ్వరి ఆగిపోయింది. "నాను మీ ఇంట్లో ఉంటే బయమెయ్యదా, అక్కా?"

"ఎందుకెయ్యదు, ఏస్తంది" అంది హమీదా. "లోపలికి రా."