బొట్టు పెట్టిన కత్తులు

ఇవాళ పొద్దున వెనిగర్ డబ్బా మూత తీయగానే ఆ ఘాటు ముక్కుకెక్కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్న ముక్కుకు ఆ ఘాటు కొత్తేమీ కాదు. నీళ్ళు తిరిగింది అనసూయక్క గుర్తొచ్చి.

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన కొత్తలో మావారికి అక్కడి సరుకుల గోదాములో ఉద్యోగం దొరికి, తణుకు నుంచి వచ్చేశాం. అనసూయక్క మా ఇంటి యజమానురాలు. కింది వాటాలో ఆమె, పై వాటాలో మేము. పెళ్ళిళ్ళకు కానుకగా ఇచ్చే స్టీలు బిందెల మీద, పళ్ళాల మీద పేర్లు చెక్కడం ఆమె పని. చేయి ఎంత చక్కనిదో నోరు అంత పెద్దది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా కంచం తిప్పి చూసి, "గిది నా చెయ్యే!" అని పంక్తి మొత్తానికీ వినబడేలా చెప్పేది. ఎప్పుడో ఒకరోజు అన్నం వడ్డించిన కంచాన్ని కూడా తిప్పుతుందేమోనని నాకు భయంగా ఉండేది.

నేను మాత్రం ఆ వీధికి 'పై వాటా ఆంధ్రామె'ను. అంతకు మించి పేరు లేదు. మావారు డ్యూటీకి వెళ్ళాక వరండాలో ఊరికే కూర్చునేదాన్ని. ఒకనాడు ఆమె కిందినుంచి కేకేసింది. "ఓ పద్మా, ఆ గోడ మీద ఏమన్న రాసున్నదా, గట్ల జూస్తున్నవ్? కిందికి రా, పనున్నది."

అప్పటికి చుట్టుపక్కల హోటళ్ళు, వంట బృందాలు పెరిగి, బిందెలతో పాటు కత్తులు కూడా ఆమె దగ్గరికి రావడం మొదలైంది. పెళ్ళి వంటశాలల్లో ఒకరి కత్తులు ఇంకొకరి సంచుల్లోకి పోతుంటాయి కదా, అందుకని ఎవరి గుర్తు వారు వేయించుకునేవారు. గగన్‌పహాడ్ కార్ఖానాల నుంచి వచ్చే ఇనుప కత్తులకు నల్లటి పూత ఉండేది. కొన్నాళ్ళకు అది పెచ్చులు లేచి ఉల్లిపాయల్లో కలిసేది. మేము ముందు ఆ పూతను వెనిగర్‌లో నానబెట్టి, పీచుతో రుద్ది తీసేసేవాళ్ళం. తర్వాత కత్తికి గోళ్ళ రంగు పూసి, లోగో గీతలు సూదితో గీకి, పాత ఫోను చార్జరు తీగల్లో ఒకటి కత్తికి, ఇంకోటి దూదికి తగిలించి, ఆ దూదిని ఉప్పునీళ్ళలో తడిపి అద్దేవాళ్ళం. ఆ కరెంటుకు గీకిన మేరకే ఇనుము కరిగి నల్లగా గుర్తు పడేది.

మొదటిరోజు కత్తి కోసం చేయి చాపితే ఆమె ఇవ్వలేదు, పీట మీద పెట్టింది. "చేతికిస్తే ఇద్దరికి కొట్లాటైతది. తీస్కో." అంత జాగ్రత్త పడినా మేము కొట్లాడుకోని వారం లేదు. నూనె రాయడం మరిచిపోతే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. "పూత తీసినంక గిది బాలింత లెక్కనే! తడి తగలనీయకు, నూనె రాయి!"

దగ్గర్లోని కందుకూరు నుంచి మల్లేశ్ అనే వంటమనిషి వచ్చాడు. అంతవరకూ ఇతరుల కింద చేసినవాడు, సొంత బృందం పెట్టుకుంటున్నాడు. దసరా వెళ్ళిన వారంలోనే తొలి పెళ్ళి. గరిటె కింద 'మ' అక్షరం అతని లోగో. అక్క కత్తుల మూట నా ముందుకు తోసి, "పద్మ చేస్తది, నేను గాదు" అంది. ఆ రాత్రి సంతోషంతో కాదు, భయంతో నిద్ర పట్టలేదు. బాగా వస్తే నాకంటూ ఒక పని ఉంటుంది. చెడితే మళ్ళీ వరండానే. పండుగకు ముందే ముగించి, నూనె రాసి, అక్క ముందుగదిలో పెట్టాను.

పండుగ మర్నాడు కిందికి దిగేసరికి నా కత్తులన్నీ దేవుడి ముందు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద తడి పసుపు, దాని మీద కుంకుమ. నూనె మీద బొట్టు నిలవదని అక్క సబ్బుతో కడిగి మరీ పెట్టింది. పూజలో పెట్టిన పనిముట్లు తెల్లవారేదాకా కదపకూడదని రాత్రంతా అలాగే వదిలేసింది. నేను ఒకటి తుడిచి చూశాను. బొట్టు కింద గుండ్రంగా తుప్పు మరక. ఇంకోటి తుడిచాను, అదీ అంతే. కొన్నింట్లో మరక సరిగ్గా 'మ' మీదే ఉంది.

"ఎందుకు చేశారక్కా?" అని అరిచాను. ఆమె మీద నేను గొంతెత్తడం అదే మొదలు.

ఆ పెద్ద నోరు చిన్నబోయింది. "నీ తొలి పని గదనే. బొట్టు లేకుంట ఎట్ల పంపుత?"

నాకు ఏడుపొచ్చింది. ఇనుమే మంచిది కాదని మల్లేశ్‌తో చెప్పేద్దామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. మూట చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని కందుకూరు బస్సెక్కింది. మల్లేశ్ ఇంటి గడప దగ్గరే మూట విప్పింది. "తమ్మీ, కరాబు చేసింది నేను. ఈమె చేసినప్పుడు అద్దం లెక్కనుండె. రేపు సాయంత్రానికి ఈమెనే మల్ల చేసిస్తది."

మల్లేశ్ కత్తులు చూశాడు, మా ముఖాలు చూశాడు. "ఎల్లుండి పెండ్లక్కా. నా ఇజ్జత్ మీ చేతులల్ల ఉన్నది" అన్నాడు.

మర్నాడు తెల్లవారకముందే అక్క మెట్ల మీద కూర్చుని గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టింది. మరకతో పాటు లోగో కూడా పోయేది. అలా నున్నగా చేసిన కత్తిని నా ముందు పెట్టేది, ఇంకోటి అందుకునేది. వేళ్ళు పగిలాయి, గుడ్డ కట్టుకుంది. తొందరలో నేను గీస్తున్న ఒక గరిటె వంకర పోతుంటే ఆమె చేయి సూది దాకా వచ్చి ఆగిపోయింది. "మీరు దిద్దండక్కా" అన్నాను. "వద్దు. గది నీదే. నిమ్మలంగ చెయ్యి" అని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. సాయంత్రానికి పని అయింది. ఒక్క కత్తి మీద మాత్రం మరక పోలేదు. "గిది నాకుండనియ్. బొట్టు పెట్టిచ్చిన్రని చెప్పుకుంట" అని మల్లేశ్ నవ్వుతూ పట్టుకెళ్ళాడు.

ఆ పెళ్ళి తర్వాత ఎవరో వచ్చి గేటు దగ్గర 'పద్మక్క ఇల్లు ఎక్కడ' అని అడిగారు. నేను పైనుంచి వింటున్నాను. కంచాలు తిప్పి చూపించిన మనిషి, నేనే నేర్పానని ఒక్క మాట అనలేదు. "పైన" అంది, అంతే.

అక్క ఇప్పుడు లేదు. తుక్కుగూడలోని మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు నా దగ్గర పని నేర్చుకుంటున్నారు. పోయిన నెల వాళ్ళ తొలి పని చెడింది. గరుకు కాగితం నేనే తీసుకుని రుద్దాను. వేళ్ళు పగిలితే పగిలాయి, అది పెద్ద కష్టం కాదు. సూది వాళ్ళ చేతిలో వంకర పోతుంటే నా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అయినా కూర్చున్నాను.