పెద్దిరాజు తెచ్చిన సముద్రం

బంగాళాఖాతాన్ని రైలెక్కించి ఢిల్లీకి తెచ్చిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు పెద్దిరాజు. ఎనభై నాలుగో సంవత్సరం మాఘమాసంలో ఆయన ఆ పని చేసినప్పుడు భీమిలి దగ్గర సముద్రం బారెడు వెనక్కి జరిగిపోయి, పడవలన్నీ ఇసుకలో కూలబడ్డాయి. బారెడు అంటే కొంచెం ఎక్కువే అయివుండవచ్చు, బెత్తెడు అనుకుందాం. నిజం చెప్పాలంటే ఆయన మొత్తం సముద్రాన్ని తేలేదు, నాలుగు ప్లాస్టిక్ డబ్బాల్లో పట్టినంత తెచ్చాడు. పోనీ ఆ డబ్బాల్లో ఉన్నదైనా అంతా సముద్రమేనా అంటే, చిక్కంతా అక్కడే వచ్చింది.

పెద్దిరాజు నేవీ మనిషి. ఢిల్లీ కంటోన్మెంటులో ఆయన ఉండే క్వార్టర్ల వరసలో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నా, అందరూ ఆర్మీవాళ్ళో ఎయిర్‌ఫోర్సు వాళ్ళో. తెల్ల బట్టలు తొడుక్కుని సైకిలెక్కి ఆఫీసుకు వెళ్ళేది ఆయనొక్కడే. అందుచేత ఆ చుట్టుపక్కల ఉప్పునీటికి సంబంధించిన ప్రతి విషయానికీ ఆయనే పెద్ద. బజారులో కొన్న చేప తాజాదో కాదో తేల్చాలన్నా, రేడియోలో చెప్పిన వాయుగుండం ఎటు పోతుందో తెలియాలన్నా ఆయన గుమ్మం ముందుకే వచ్చేవారు. ఆయన కళ్ళు చిట్లించి, ఎటో దూరంగా చూసి, తీర్పు చెప్పేవాడు.

ఒక్కటే ఇబ్బంది. సముద్రం ఆయనకు పడదు. కుర్రతనంలో నేవీలో చేరి మొదటిసారి ఓడ ఎక్కినప్పుడు, రేవు దాటకముందే మొదలైన వాంతులు మళ్ళీ రేవుకు చేరేదాకా ఆగలేదు. రెండోసారీ అంతే. మూడోసారి ఓడ డాక్టరే విసిగిపోయి, “వీడి దస్తూరి బాగుంది, ఒడ్డున కూర్చోబెట్టి ఫైళ్ళు రాయించుకోండి” అన్నాడు. ఆ తరవాత ఆయన నౌకాజీవితమంతా కుర్చీలోనే గడిచింది. ఈ సంగతి భార్య కాంతమ్మకు తెలుసు. కూతురు సీతకు తెలియదు.

సీతకు పదేళ్ళు. తెలుగు అంతా అర్థమయ్యేది గాని జవాబు హిందీలో ఇచ్చేది. ఆదివారం పొద్దున్న నాన్న చేత తల దువ్వించుకుంటూ తుఫాను కథ చెప్పమనేది. ఆ కథలో పెద్దిరాజు తనను తాడుతో ఓడకు కట్టేసుకుని, కొట్టుకుపోతున్న కెప్టెన్‌ను కాలరు పట్టి లాగేవాడు. ఆ తుఫాను ఏటికేడాది పెరుగుతూ వచ్చింది. సీత దాన్ని స్కూల్లో అందరికీ చెప్పింది, మాస్టార్లతో సహా. ఆఫీసులో ఆయన పదిమంది గుమాస్తాల్లో ఒక గుమాస్తా. లోకంలో ఆయన్ని తలెత్తి చూసే మనిషి ఆ పిల్ల ఒక్కతే. ఆ చూపు కోసం ఆయన ఎంతకైనా తెగించేవాడు, సముద్రంలోకి వెళ్ళడం తప్ప.

ఎదురు క్వార్టర్లో లక్ష్మీపతి ఉండేవాడు. కరీంనగర్ వైపు మనిషి, సైన్యంలో వైర్‌లెస్ పని. ఇంట్లో గాజుతొట్టెలో రంగుచేపలు పెంచేవాడు. అవన్నీ మంచినీళ్ళ చేపలు. ఆ చలికాలంలో ఆయనకు ఉప్పునీళ్ళ చేపల మీద మనసు పడింది. బావమరిది రామేశ్వరం దగ్గర చేపల శాఖలో పనిచేస్తున్నాడు, నారింజరంగు మీద తెల్లచారలున్న జంట చేపల్ని విమానంలో వచ్చే ఒక అధికారి చేతికిచ్చి పంపుతానన్నాడు. కొత్త తొట్టె వచ్చింది, అడుగున ఇసుక పరిచాడు, వెచ్చదనానికి బల్బు అమర్చాడు. ఒకనాడు చేతులు తుడుచుకుంటూ పెద్దిరాజు గుమ్మంలోకి వచ్చాడు.

“రాజన్నా, అంత తయారున్నది. నీళ్ళ కాడనే ఆగిపోయిన. నల్లా నీళ్ళల్ల మందు కలుపుతరు, చేపలకు పడది. బోరింగు నీళ్ళు సున్నం లెక్కనే. మా వర్క్‌షాపుల బ్యాటరీలకు పోసే నీళ్ళున్నయి, అవి ఏం కలవని నీళ్ళు. మా బామ్మర్ది ఉప్పులు పంపుతనంటుండు, అండ్ల కలుపుకొమ్మంటుండు. నువ్వేమంటవు?”

పెద్దిరాజు నవ్వాడు. “ఉప్పు కలిపితే సముద్రం అయిపోద్దేటి తమ్ముడూ? అలగైతే మీ వదిన రోజూ చారుగిన్నెలో సముద్రం కాస్తున్నట్టే.”

ఆయన కుర్చీ వెనక నిలబడ్డ సీత అందుకుంది. “పాపా లా దేంగే, అంకల్. అస్లీ వాలా.” నాన్న అసలుదే తెచ్చిపెడతాడట.

అన్నాక వెనక్కి తీసుకోవడం ఎలా? ఊళ్ళో తల్లిని చూడడానికి ఎలాగూ సెలవు పెట్టి ఉన్నాడు. “తెస్తాన్లే” అన్నాడు.

“తెస్తె మంచిదే అన్నా. కని ఒడ్డుకు పట్టకు. పడవల లోపటికి పోయి పట్టాలె. ఏరు కలిసే కాడ అసలే వద్దు, సప్పగుంటది.”

“సముద్రం సంగతి నాకు సెప్తన్నావేటి?” అన్నాడు పెద్దిరాజు.

భీమిలిలో ఆయన చిన్ననాటి నేస్తం జోగయ్య వేటకు వెళ్ళే మనిషి. విషయం వినగానే పడవ సిద్ధం చేశాడు. పెద్దిరాజు డబ్బాలు పట్టుకుని ఒడ్డుదాకా వెళ్ళాడు. ఒక కాలు పడవలో వేశాడు. పడవ ఇంకా ఇసుక మీదే ఉంది, అల వచ్చి దాన్ని కొంచెం కదిపింది. అంతే, ఆయన నాలుక కింద నీళ్ళూరాయి, చెవులు చల్లబడ్డాయి.

“ఏట్రా, మొకం అలగైపోనాది?” అన్నాడు జోగయ్య.

“ఏటీ లేదు.”

“నువ్వుండిపోరా. నానెల్లి నింపుకొచ్చీనా?”

ఆ మాటకు సరేనంటే అయిపోయేది. కాని ఒడ్డున నలుగురు కుర్రాళ్ళు నిలబడి నేవీ మనిషి పడవెక్కడం చూద్దామని ఎదురుచూస్తున్నారు. పెద్దిరాజు కాలు వెనక్కి తీసి, గొంతు సవరించుకుని, పున్నమి రోజున పడవేమిటి, అమ్మ సంగమం నీళ్ళే పట్టుకెళ్ళమంది అన్నాడు. అమ్మ అలాంటి మాటేదీ అనలేదు. ఇంటికి వెళ్ళి ఆవిడ చేత అనిపించుకున్నాడు.

“సంగమం కంటే మంచి నీళ్ళెక్కడున్నాయిరా?” అంది తల్లి నాగేశ్వరమ్మ. ఆవిడ కొడుకు వెంట గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి వచ్చింది. మాఘ పౌర్ణమి గనక అక్కడ ఊరంతా స్నానాలు చేస్తోంది. డబ్బాలు నింపాక ఒక్కొక్క దానిలో చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ, రెండేసి బంతిరేకలు వేసి దణ్ణం పెట్టింది. లక్ష్మీపతి వద్దన్న చోటు ఇదేనని పెద్దిరాజుకు గుర్తుంది. గుర్తుండే, తల్లితోపాటు ఆయనా దణ్ణం పెట్టాడు.

ఢిల్లీ రైల్లో ఎదురు బెర్తు ముసలావిడ డబ్బాలు చూసి అవేమిటని అడిగింది. సముద్రమని చెప్పాడు. సంగమం నీళ్ళు, పున్నమినాడు పట్టినవి అని కూడా చెప్పకుండా ఉండలేకపోయాడు.

“నాకీసారి స్నానం కుదర్లేదు నాయనా. ఒక చెంబుడు పొయ్యవా, తలమీద చల్లుకుంటాను” అంది ఆవిడ.

కాదనలేక పోశాడు. చెంబు చూసి పక్కవాళ్ళు గ్లాసు తెచ్చారు, గ్లాసు చూసి అవతలివాళ్ళు మరచెంబు తెచ్చారు. వార్త పెట్టె దాటి పక్క పెట్టెలోకి పాకింది. ఢిల్లీలో చదువుకుంటున్న కుర్రాళ్ళు కూడా పరీక్షల కోసమని దోసిళ్ళు పట్టారు. జనం ఆయన్ని బాబుగారూ అంటున్నారు. పెద్దిరాజు పోస్తూనే ఉన్నాడు. నాగపూర్‌లో చూసుకుంటే రెండు డబ్బాలు ఖాళీ. ప్లాట్‌ఫారం కొళాయి దగ్గర, అటూ ఇటూ చూసి, నింపుకున్నాడు. ఝాన్సీలో మళ్ళీ నింపుకున్నాడు. కొళాయి కింద డబ్బా నిండుతున్నంతసేపూ ఆయన ఆ చప్పుడు ఎవరైనా వింటారేమోనన్నట్టు వీపు అడ్డం పెట్టి నిలబడ్డాడు.

ఢిల్లీలో సీత వీధి పిల్లలందరినీ పోగుచేసి ఉంచింది. లక్ష్మీపతి పాత పంచెలో వడకట్టి, బంతిరేకలన్నీ తీసేసి, నీళ్ళు తొట్టెలో పోశాడు. పిల్లలు గాజుకు ముక్కులు ఆనించారు. సీత ఒక్కొక్కరినీ వేలితో తాకనిచ్చి, సముద్రమంటే ఇదని చెప్పింది. పెద్దిరాజు చేతులు వెనక్కి కట్టుకుని గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

కాంతమ్మ తొట్టె అంచున చిందిన నీళ్ళను కొంగుతో తుడిచి, పచ్చళ్ళు పెట్టే ఆడదాని అలవాటు కొద్దీ వేలు నాలుకకు రాసుకుంది. ఇంటికి వచ్చి వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

“ఏవండీ, ఇది ఏ ఊరి సముద్రం?”

“అదేటి?”

“చారులో ఉప్పు మర్చిపోయినట్టుంది. రేపు ఆ చేపల్ని ఇందులోనే వేస్తారా?”

“లక్ష్మీపతికేం తెలీదులే.”

“చేపలకి తెలుస్తాది” అంది కాంతమ్మ, అన్నం వడ్డిస్తూ.

ఆయన అన్నం కెలికి లేచాడు. ఎదురింటికి రెండుసార్లు బయల్దేరి, గేటుదాకా వెళ్ళి వచ్చాడు. ఆ ఇంట్లో సీత గొంతు వినిపిస్తోంది. తుఫాను కథ లక్ష్మీపతి భార్యకు చెబుతోంది. విమానం పొగమంచులో ఆగిపోతే బాగుండునని ఆయన కోరుకున్నాడు.

విమానం వేళకే దిగింది. పాలం విమానాశ్రయం నుంచి లక్ష్మీపతి స్కూటరు నడుపుతుంటే, నడుమ సీత, వెనక పెద్దిరాజు. సీత ఒళ్ళో శాలువా చుట్టిన ప్లాస్టిక్ సంచీ, అందులో బొటనవేలంత రెండు చేపలు. చలిగాలికి ఆ పిల్ల వీపు ఆనించి తండ్రి గుండెల మీద ఒరిగి కూర్చుంది. సంచీలోకి చూస్తూ ఏదో మాట్లాడుతోంది, వాటికే. ధౌలా కువాన్ కూడలి దగ్గరికి వచ్చేసరికి పెద్దిరాజుకు ఓడ మీద మొదలైనట్టే నాలుక కింద నీళ్ళూరాయి.

“బండాపు తమ్ముడూ.”

లక్ష్మీపతి పక్కకు తీసి ఆపాడు. “ఏమైందన్నా?”

“ఆ నీళ్ళలో వీటిని వెయ్యకు. సచ్చిపోతాయి.”

“గదేంది?”

“నేను లోపలికెళ్ళలేదు. ఏరు కలిసే చోటే పట్టాను. రైల్లో అడిగినోళ్ళకల్లా పోసీసి, నాగపూర్లో కొంత, ఝాన్సీలో కొంత కొళాయి నీళ్ళు కలిపాను.”

లక్ష్మీపతి ఇంజను ఆపాడు. “పడవ దొరకలేదా?”

“దొరికింది.”

“మరి?”

పెద్దిరాజు సీత తలమీద నుంచి ఎటో చూశాడు. “పడవెక్కితే కక్కుతాను. మొదట్నించీ అంతే. ఓడ మీద ఉద్యోగం చెయ్యలేదు నేను.”

సీత మెడ తిప్పి పైకి చూసింది. “ఔర్ వో తుఫాన్, పాపా?”

“తుఫాను లేదమ్మా.”

“కెప్టెన్?”

సీత మళ్ళీ సంచీలోకి చూసుకుంది. స్కూటరు కదిలింది. ఇంటిదాకా ఆ పిల్ల తండ్రికి ఆనలేదు, ముందుకు జరిగి ఒక చేత్తో లక్ష్మీపతి చొక్కా పట్టుకుని కూర్చుంది. ఇద్దరి మధ్య మిగిలిన ఆ జానెడు ఖాళీలోంచి గాలి కొడుతూనే ఉంది.

లక్ష్మీపతి ఇల్లు చేరాక స్కూటరు డిక్కీలోంచి ఒక పెద్ద పొట్లం తీశాడు. బావమరిది పంపిన ఉప్పులు చేపలతోపాటే వచ్చాయి. “నీ మీద నమ్మకం లేక కాదన్నా. వాడే పంపిండు” అన్నాడు. ఆ మాట అనకపోయినా బాగుండేది. ఆయన వర్క్‌షాపుకు వెళ్ళి బ్యాటరీ నీళ్ళు తెచ్చి, కొలిచి కలుపుతున్నంతసేపూ చేపలు సంచీలోనే ఉన్నాయి. ఈలోగా పెద్దిరాజు తాను తెచ్చిన సముద్రాన్ని మగ్గుతో తోడి, బకెట్లకెత్తి, పిల్లలందరూ చూస్తుండగా కాలవలో పారబోశాడు. పక్క బ్లాకు రాజేశ్వరమ్మ చెంబు పట్టుకుని గబగబా వచ్చింది.

“అయ్యో, సంగమం నీళ్ళు పారబోస్తున్నారా? నాక్కొంచెం పొయ్యండి.”

“ఇందులో ఝాన్సీ కొళాయి నీళ్ళే ఎక్కువమ్మా” అన్నాడు పెద్దిరాజు. బిగ్గరగానే అన్నాడు, గుమ్మంలో నిలబడ్డ సీతకు వినిపించేలా. సీత లోపలికి వెళ్ళిపోయింది.

చేపల్లో ఒకటి హోలీ దాకా బతకలేదు. రెండోది వేసవి చూసింది.

ఆదివారాలు వస్తూనే ఉన్నాయి. సీత తల్లి చేత దువ్వించుకునేది. వాయుగుండం వస్తే ఎవరూ పెద్దిరాజును అడగలేదు, అడిగినా ఆయన రేడియోలో ఏం చెప్పారో అదే చెప్పేవాడు. సీత ఆ ఏడాది స్కూల్లో తుఫాను గురించి ఏం చెప్పుకుందో, ఎంతమంది నవ్వారో ఆయన అడగలేకపోయాడు. చాలా వారాల తరవాత ఒక ఆదివారం దువ్వెన తెచ్చి ఆయన ముందు కూర్చుంది.

“పాపా, ఉల్టీ వాలీ కహానీ సునావో.”

వాంతుల కథ చెప్పమంటోంది. ఆయన చిక్కు తీస్తూ, తీస్తూ, రెండు జడలూ అల్లేశాడు గాని నోరు విప్పలేదు. అందుకని ఆ కథ సీతే అల్లుకోవాల్సి వచ్చింది. అల్లుకుంది కూడా.

పెద్దిరాజు రిటైరై మయూర్ విహార్‌లో సొసైటీ ఫ్లాటులోకి మారాక, గృహప్రవేశం నాడు వచ్చినవాళ్ళందరి ముందూ సీత ఈ కథంతా చెప్పింది. రైలు దగ్గర జనం ఘొల్లుమన్నారు. కథ ధౌలా కువాన్ దగ్గరికి వచ్చేసరికి ఆమె తండ్రి వైపు చూసింది. చిన్నప్పటి చూపు కాదు గాని, తల ఎత్తే చూసింది. పెద్దిరాజు టీ కప్పు కింద పెట్టాడు.

“అదంతా అబద్ధం” అన్నాడు. “ఆ ఏడాది నేను సెలవే పెట్టలేదు. భీమిలి వెళ్ళలేదు. డబ్బాలూ లేవు, చేపలూ లేవు.”

“నేనైతే ఉన్న గదా రాజన్నా?” అన్నాడు ఎదురుగా కూర్చున్న లక్ష్మీపతి.

పెద్దిరాజు, వాయుగుండాలకు తీర్పు చెప్పిన రోజుల్లోలా కళ్ళు చిట్లించి, ఆయన్ని ఎగాదిగా చూశాడు.

“ఈయనెవరో నాకు తెలీదు” అన్నాడు.