చాటు లేని గట్టు

మా తోడికోడలు పోయింది. ఏలూరు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చేపల చెరువుల మీద రెక్కలు ముక్కలు చేసుకున్న మనిషి. పాము కరిచి పోలేదు, నీళ్లలో మునిగి పోలేదు, కడుపులోంచి పుట్టిన జబ్బుతో పోయింది. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఒక్క మాట కూడా మార్చవద్దన్నాను.

ఆమె నా మరిది భార్య, నాకంటే చిన్నది. "తలకాయ నీకే అక్కా" అంటూ కూర గిన్నెలోని చేప తలను ఎప్పుడూ నా వైపు తోసేది. నా భర్త పోయిన ఏడాది నా పొయ్యి ఆరనివ్వలేదు. నేను ఊరందరితోనూ దెబ్బలాడేదాన్ని. ఆమె వెనకాలే వెళ్లి ఆ ఇళ్లతో మాట కలిపి వచ్చేది.

కొల్లేటి చెరువుల్లో చేపలు పట్టే రోజున వల లాగేది మగవాళ్లు. చేపలు ఏరి, ఐసు వేసి ట్రేలలో సర్దేది మేము. గట్టు మీద చెట్టు లేదు, చాటు లేదు. ఎటు చూసినా నీళ్లూ, మగవాళ్లూ. అందుకని మా ఆడవాళ్లెవరూ పొద్దున తినరు, మంచినీళ్లు తాగరు. తిరిగి ఇంటికి చేరేదాకా అంతే. "నీళ్ల మధ్య బతుకుతూ నీళ్లు తాగాలంటే భయం, చూశావా అక్కా" అని నవ్వేది. వంగి వంగి నడుం పట్టేసేది. అప్పుడు ఖాళీ కడుపున నొప్పి బిళ్ల, గుక్కెడు టీతో. రోజూ.

"కడుపులో మంటంటావు, మళ్లీ అదే మింగుతావేం?" అని అరిచానొకసారి.

"నడుం నొప్పి కంటే మంటే నయం. ఊరుకో అక్కా, నీ కేకలకి చేపలు బెదిరిపోతాయి."

కడుపు నొప్పి ఎన్నాళ్లు దాచుకుందో తెలియదు. ఒక మధ్యాహ్నం, ఎండ పేలిపోతుంటే, దుప్పటి అడిగింది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కప్పబోతే నా మొహంలోకి చూసి, "ఎవరండీ మీరు?" అంది. అన్నేళ్లూ అక్కా అని పిలిచిన నోరు. అప్పటికప్పుడు ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం.

ఏలూరులో డాక్టరమ్మను నిలదీశాను. "కడుపులో పుండైతే ఒళ్లంతా ఎందుకు చెడిందండీ?"

"పేగు లోపల పలచని పొర ఉంటుందమ్మా. తిన్నదాంట్లో సారాన్ని రానిస్తుంది, క్రిముల్ని ఆపుతుంది. ఆ బిళ్లలు రోజూ పడి ఆ పొర పుండైపోయింది. క్రిములు రక్తంలోకి దిగాయి. ఇప్పుడు ఒక్కొక్క అవయవమే ఆగిపోతోంది."

"తిని వేసుకుంటే ఏమీ కాదాండీ?"

"తిన్నా సరే, మమ్మల్ని అడక్కుండా రోజూ వేసుకోకూడదమ్మా."

చెరువు గట్టుకి ఎండ్రకాయలు బొక్కలు పెడితే ముందు తడి కనబడుతుంది. పరుగెత్తి మట్టి వేస్తాం. లోపలి గట్టు కారుతుంటే ఎవరికి కనబడుతుంది? ఇప్పుడు నా పొట్ట గుడగుడమన్నా ఉలిక్కిపడుతున్నాను. నేనూ అవే మింగినదాన్ని.

చెరువుల అయ్యలకి నాదొకటే మాట. ఇంజనుకి షెడ్డు వేశారు, మేత బస్తాలకి షెడ్డు వేశారు. ఆడవాళ్లకి తలుపున్న మరుగుదొడ్డి ఒకటి కట్టండి.

"ఇది రాస్తే నన్ను పనిలోకి పిలవరండీ అత్తయ్యా" అంది మా కోడలు.

"రాయి. నువ్వూ వేసుకుంటున్నావా ఆ బిళ్లలు?"

"లేదండీ."

"నా కళ్లలోకి చూసి చెప్పు."

రాస్తూనే ఉంది. తల ఎత్తలేదు.

అది నిన్నటి మాట. ఈ పొద్దున పనికి బయలుదేరిన కోడలి వెంట ఆటో దాకా వెళ్లాను. ఇడ్లీ పొట్లం చేతిలో పెడితే, "అందరూ చూస్తున్నారండీ" అని తిరిగి ఇచ్చేసింది. పని నుంచి వచ్చి ఇప్పుడు ఇదీ తనే రాస్తోంది, రాయనీ. ఆటోలో ఇరుక్కుని కూర్చున్న ఆడవాళ్ల చీరకొంగులు చూశాను. ప్రతి కొంగు చివరా చిన్న ముడి. ఆ ముళ్లలో ఏ బిళ్లలున్నాయో నాకు తెలుసు. మా కోడలి కొంగు కోసం వెతికాను. నడుంలోకి లోతుగా దోపేసుకుంది. ఆటో గుండుగొలను రోడ్డెక్కింది. చేతిలో ఇడ్లీలు ఇంకా వేడిగానే ఉన్నాయి.